నాలుగు ట్రాకుల మీద బీటిల్స్

1963 ఫిబ్రవరి 11న లివర్‌పూల్ కుర్రాళ్లు నలుగురు లండన్‌లో అబీ రోడ్డు మీదున్న ఈఎంఐ స్టూడియోలో పొద్దున పది గంటలకు పని మొదలుపెట్టారు. రాత్రి పదకొండు కావస్తుండగా ముగించారు. ఆ ఒక్క రోజులో పది పాటలు రికార్డయ్యాయి. అప్పటికే సింగిల్స్ కోసం చేసిన నాలుగింటిని వాటికి చేర్చితే 'ప్లీజ్ ప్లీజ్ మీ' ఆల్బమ్ సిద్ధమైంది. జాన్ లెనన్‌కి ఆ రోజు జలుబు. అందుకే గొంతు చించుకుని పాడాల్సిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ను ఆఖరికి అట్టేపెట్టారు. పాడిన మొదటిసారిదే రికార్డులో ఉంది. రెండోసారి పాడదామంటే గొంతు మిగల్లేదు.

అప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది రెండు ట్రాకుల యంత్రం, అంటే ఒకే టేపు మీద రెండు వరుసల్లో శబ్దాన్ని విడివిడిగా పట్టేది. వాద్యాలు ఒకదాని మీద, గొంతులు మరొకదాని మీద. హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి వాయించి సాధించిన పట్టు ఉంది కాబట్టి, వేదిక మీద వాయించినట్టే వాయించేశారు. మన సినిమా పాటలూ ఆ రోజుల్లో మద్రాసులో ఇలాగే తయారయ్యేవి. గాయకులు, వాద్యబృందం ఒకేసారి పాడి వాయించాలి, ఎవరు తప్పినా మళ్లీ మొదటికి రావాలి. ఆ పద్ధతి ఎంత కఠినమో మన పాత పాటలు శ్రద్ధగా విన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇలా మొదలైనవాళ్లు నాలుగేళ్లు తిరిగేసరికి 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్ దాకా వెళ్లారు. కీర్తి, అభిమానుల కేకలు, జుట్టు తీరు గురించి చాలామంది చాలా రాశారు. నాకు మాత్రం వీళ్ల అసలు ఘనత ఆ నాలుగేళ్లలో టేపు మీద చేసిన పనిలో కనిపిస్తుంది.

నిర్మాత జార్జ్ మార్టిన్ సన్నాయిని పోలిన ఓబో వాయించడం నేర్చినవాడు, స్వరాలు రాయడం తెలిసినవాడు. పార్లోఫోన్ లేబుల్‌లో పీటర్ సెల్లర్స్ వంటివారితో హాస్య రికార్డులు చేసిన అనుభవమూ ఆయనకుంది. ఆ రికార్డుల్లో కత్తిరించి అతికించడం, వేగం మార్చడం, లేని చప్పుడు పుట్టించడం రోజువారీ పని. టేపుతో ఆడుకోవచ్చని ఆయనకు ముందే తెలుసు. కుర్రాళ్లు అడగడం మొదలుపెట్టాక ఆ తెలివంతా అక్కరకొచ్చింది.

1963 చివర్లో నాలుగు ట్రాకుల యంత్రం వాళ్లకు అందింది. డ్రమ్స్, గిటార్లు, గొంతులు నింపేసరికి నాలుగూ అయిపోయేవి. ఇంకా పియానో కావాలి, తీగవాద్యాలు కావాలి అంటే ఒకటే దారి. నిండిన నాలుగింటినీ కలిపి, రెండో యంత్రంలోని టేపు మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి దింపాలి. మిగిలిన ఖాళీలో కొత్తవి నింపాలి. అలా దింపిన ప్రతిసారీ టేపు బుస కొంచెం పెరుగుతుంది, శబ్దంలో నిగారింపు కొంచెం తగ్గుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. కలిపేశాక విడదీయలేరు. బేస్ గిటార్ తగ్గిందని నెల తర్వాత తోస్తే చేయగలిగింది ఏమీ లేదు. ఏది ముందుండాలో, ఏది వెనకుండాలో, ఏది అసలు అక్కర్లేదో ఆ గదిలోనే, ఆ పూటే తేల్చుకోవాలి. వీళ్ల పాటల్లో ఒక్క వాద్యమూ ఊరికే ఉన్నట్టనిపించకపోవడానికి ఈ నిర్బంధం ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

1966 ఏప్రిల్ 6న 'రివాల్వర్' ఆల్బమ్ పని మొదలైంది. మొదట పట్టుకున్న పాట 'టుమారో నెవర్ నోస్'. ఇంజినీరు జెఫ్ ఎమరిక్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. రింగో స్టార్ బేస్ డ్రమ్ములో ఒక ఉన్ని స్వెటర్ కుక్కి, సంస్థ నియమాలు ఒప్పుకోనంత దగ్గరగా మైకు పెట్టాడు. దాంతో ఆ దరువు గుండెల మీద కొట్టినట్టు పడింది. కొండ శిఖరం మీద నుంచి లామా మంత్రం చదువుతున్నట్టు తన గొంతు వినిపించాలని లెనన్ కోరిక. హామండ్ ఆర్గాన్‌కి ఉండే, లోపల గిర్రున తిరిగే లెస్లీ స్పీకరులోకి ఆ గొంతును పంపి, బయటికొచ్చినదాన్ని మళ్లీ మైకుతో పట్టుకున్నారు. పాట రెండో సగంలో వినిపించేది ఆ గొంతే. పాల్ మెకార్ట్నీ ఇంట్లో తయారుచేసుకొచ్చిన టేపు ముక్కలను చుట్టలుగా అతికించి, వేర్వేరు గదుల్లోని యంత్రాల మీద ఒకేసారి తిప్పారు. టేపు బిగువు సడలకుండా మనుషులు పెన్సిళ్లతో పట్టుకుని నిలబడ్డారు. మిక్సింగ్ బల్ల దగ్గర మీటలు ఎత్తుతూ దించుతూ ఏ చుట్ట ఎప్పుడు వినిపించాలో అప్పటికప్పుడు నడిపించారు. అదే మిశ్రమం మరోసారి అచ్చంగా రాదు. పాటంతా దాదాపు ఒకే శ్రుతి మీద నిలిచి ఉంటుంది. వెనక తంబురా మోగుతుంటుంది.

లెనన్‌కి తన పాట రెండుసార్లు పాడి ఒకదాని మీద ఒకటి పేర్చడం విసుగు. ఆ విసుగు తీర్చడానికి స్టూడియో ఇంజినీరు కెన్ టౌన్‌సెండ్ అదే సంవత్సరం ఒక ఉపాయం కనిపెట్టాడు. పాడిన గొంతునే రెండో యంత్రం గుండా లిప్తపాటు ఆలస్యంగా నడిపి మొదటిదానికి కలిపాడు. తర్వాత లోకంలోని ఎన్నో స్టూడియోలు ఆ దారే పట్టాయి.

1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి కచేరీ చేసి, ఊరూరా తిరగడం మానేశారు. ఇక వేదిక మీద వాయించగలమా లేదా అన్న లెక్క అక్కర్లేదు. నవంబరులో 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' పట్టుకున్నారు. ఒక రూపం మెత్తగా వచ్చింది. మరొకటి ట్రంపెట్లు, చెల్లోలతో బరువుగా వచ్చింది. మొదటిదాని ఎత్తుగడ, రెండోదాని ముగింపు నచ్చాయి, రెంటినీ కలపమన్నాడు లెనన్. రెండూ ఒకే శ్రుతిలో లేవు, ఒకే నడకలోనూ లేవు. మార్టిన్, ఎమరిక్ ఒకదాని వేగం కాస్త పెంచి, మరొకదాన్ని తగ్గించారు. డిసెంబరు 22న చూస్తే శ్రుతి, నడక రెండూ కలిశాయి. పాట మొదలైన నిమిషానికి ఆ అతుకు వస్తుంది. అక్కడి నుంచి లెనన్ గొంతు బరువెక్కి, మగతలో పాడుతున్నట్టు ఉంటుంది. వేగం తగ్గించినందువల్ల వచ్చిన గుణమది. ఇంత చేసిన రికార్డు బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరలేదు. దాన్ని ఆపిన 'రిలీజ్ మీ' పాడిన ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పుట్టింది మన మద్రాసులోనే.

'ఎ డే ఇన్ ద లైఫ్' కోసం నలభై మంది వాద్యకారులను పిలిచారు. ఇరవై నాలుగు బార్ల ఖాళీలో ప్రతి ఒక్కరూ తమ వాద్యంలోని అట్టడుగు స్వరం నుంచి పై స్వరందాకా, పక్కవాడిని పట్టించుకోకుండా ఎక్కాలన్నారు. కలిసి వాయించడమే వృత్తిగా బతికినవాళ్లకు అది వింత ఆదేశం. పాట ముగింపులో పియానోల మీద ఒక్కసారిగా కొట్టిన తీగల మోత నలభై సెకన్లకు పైగా నిలుస్తుంది. శబ్దం ఆరిపోతున్నకొద్దీ రికార్డింగ్ స్థాయిని పెంచుతూ పోయారు. చెవి పెట్టి వింటే చివర్లో ఒక కుర్చీ కిర్రుమంటుంది.

మన సంగీతం వీళ్ల పనిలోకి వచ్చిన తీరూ చెప్పాలి. 1965లో 'నార్వీజియన్ వుడ్'లో జార్జ్ హారిసన్ సితార్ వాయించినప్పుడు అది కొత్త రంగు మాత్రమే. 1967లో 'వితిన్ యూ వితౌట్ యూ' నాటికి పాట నిర్మాణమే మన పద్ధతికి వచ్చింది. లండన్‌లోని భారతీయ వాద్యకారులు దిల్‌రుబా, తబలా, తంబురా వాయించారు. దిల్‌రుబా జారుళ్లను యూరోపియన్ వయొలిన్లు అందుకునేలా మార్టిన్ స్వరాలు రాశాడు. గమకం ఎలా పలకాలో తెలిసిన మన చెవికి ఆ వయొలిన్ల ప్రయత్నం ఎంత నిజాయితీగా ఉందో ఇట్టే తెలుస్తుంది. మరుసటి జనవరిలో హారిసన్ బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోకే వచ్చాడు. అక్కడ 'ది ఇన్నర్ లైట్' వాద్యభాగం రికార్డు చేశాడు. అందులో వేణువు హరిప్రసాద్ చౌరాసియాది.

1968లో ఎనిమిది ట్రాకులు వచ్చాయి. ఒకరి కోసం ఒకరు ఆగాల్సిన అవసరం తగ్గింది, ఒకరి పాటకు మరొకరు దూరమయ్యారు. 1969 నాటి 'అబీ రోడ్' గొప్ప ఆల్బమే, శబ్దం నున్నగా ఉంటుంది కూడా. అయినా 'రివాల్వర్'లోని తెగింపు అందులో లేదని నా అభిప్రాయం. 1970లో విడిపోయారు.

2023లో, ఎప్పుడో లెనన్ ఇంట్లో క్యాసెట్టు మీద పాడుకున్న 'నౌ అండ్ దెన్' నుంచి పియానోను, గొంతును కంప్యూటరు విడదీసింది. అప్పట్లో ఎవరికీ సాధ్యం కానిది ఇప్పుడు కుదురుతోంది. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని వందల ట్రాకుల మీద పాటలు చేస్తున్న మన కుర్రకారుకు నా మనవి ఒక్కటే. 'రివాల్వర్' మోనో రూపాన్ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి పూర్తిగా వినండి. తర్వాత మీ తదుపరి పాట ఒక్కటి నాలుగు ట్రాకుల్లో, వెనక్కి తీసుకునే వీలు లేకుండా చేసి చూడండి.