పగడపు దిబ్బల ఇసుక: డార్విను చూచినది, చూడనిది

చార్లెస్ డార్విను 1842లో పగడపు దిబ్బల నిర్మాణమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. సముద్రపు అడుగు మెల్లగా క్రుంగుచుండగా దిబ్బలు పైకి పెరుగునన్న సిద్ధాంతము వలన ఆ గ్రంథము ప్రసిద్ధికెక్కినది. అందు పాఠకులు అంతగా గమనింపని చిన్న భాగమొకటి కలదు. అది దిబ్బల చెంత పేరుకొను తెల్లని ఇసుకను, ఒండ్రును గూర్చినది.

1836లో కీలింగ్ దీవులయందు డార్విను చిలుక చేపలను కోసి చూడగా, వాటి ప్రేగులలో సున్నపు ఒండ్రు నిండియుండెను. సముద్ర దోసకాయలు కూడ పగడములను తినునని ఆలన్ అను వైద్యుడు ఆయనకు చెప్పెను. ఈ జీవులన్నియు పగడమును నూరి పిండిచేయుచున్నవని డార్విను తలచెను. నిర్జీవముగా తోచు ఒండ్రు జీవుల కడుపులగుండ వచ్చినదని గుర్తించుట గొప్ప విషయమే. అయినను ఇందు రెండు లోపములు కలవు.

మొదటిది, వినికిడిని నమ్ముట. సముద్ర దోసకాయలలో పెక్కు రకములు సజీవమైన పగడమును కొరుకవు. అవి అడుగునున్న ఇసుకను మ్రింగి, దానికంటిన సూక్ష్మజీవులను, కుళ్లిన పదార్థమును జీర్ణించుకొని, మిగిలిన ఇసుకను విసర్జించును.

రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. డార్విను ఆ కడుపును తిరుగలిగా మాత్రమే చూచెను. పగడపు ఇసుక ప్రధానముగా కాల్షియం కార్బొనేట్. జీర్ణనాళములోని ఆమ్లగుణము వలన అందులో కొంత కరగిపోవును. ఇట్లు కరగిన సున్నమును, జీవి విసర్జించు అమ్మోనియాయు పరిసరపు నీటి క్షారగుణమును పెంచును. అమ్మోనియా నాచునకు ఆహారము కూడ అగును. ఆస్ట్రేలియాలోని వన్ ట్రీ దిబ్బపై జరిగి 2011లో వెలువడిన పరిశోధన, రాత్రివేళ అచట కరగు సున్నములో గణనీయమైన భాగము ఈ జీవుల పనియే కావచ్చునని చూపినది.

ఆమ్లము సున్నపురాయిని కరగించునని 1842 నాటికే తెలియును. కనుక లోపము జ్ఞానమున కాదు, ప్రశ్నలో కలదు. 1881లో వానపాములపై వ్రాసిన గ్రంథమున డార్వినే ఆ ప్రశ్న వేసెను. నూరుటయే గాక, మట్టిలోని ఆమ్లములు రాళ్లపై చేయు పనిని కూడ విచారించెను. ఈ రెండు గ్రంథములను కలిపి చదువుట మేలు.

సముద్రమునకు దూరమైన బాన్సువాడ విద్యార్థికి ఇదంతయు పరాయి సంగతిగా తోచవచ్చును. కాని 1931లో పూర్తియైన నిజాంసాగర్ జలములు పారు ఆ ప్రాంతమున బురదకు కొరత లేదు. చెరువు బురద పైన గోధుమరంగుగా, లోపల నల్లగా ఉండును. సన్నని ఎర్ర పురుగులు తల బురదలో దూర్చి, తోక నీటిలో ఆడించుచు, లోపలి మట్టిని తిని పైన విడుచును. వాటి బొరియల వెంట ఆక్సిజన్ లోనికి పోగా నలుపు గోధుమరంగుగా మారును. రెండు గాజుసీసాలలో జల్లించిన బురదపై నీరు పోసి, ఒకదానియందు మాత్రమే పురుగులనుంచి కొన్ని వారములు గమనించిన ఈ భేదము కనబడును. దిబ్బలయందు మార్పు సున్నములో, ఇచట ఇనుములో. సూత్రము మాత్రము ఒక్కటే: తిను జీవి తన నేలను మార్చును.

విదేశములకు ఎగుమతి చేయుటకై సముద్ర దోసకాయలను మన తీరములలో విరివిగా పట్టుచుండిరి. భారత ప్రభుత్వము 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి తెచ్చినది. "మురికిని తిను జీవి" యని చెప్పి ముగించిన పాఠము వలన, అది లేకుండిన దిబ్బ కేమి లోపించునో విద్యార్థికి ఎన్నటికిని తెలియదు.