మట్టిబండి నెక్కిన నాచా

1958లో ఢిల్లీ నగరమున హిందూస్తానీ థియేటర్ పక్షమున హబీబ్ తన్వీర్ శూద్రకుని మృచ్ఛకటికమును ‘మిట్టీ కీ గాడీ’ అను పేర రంగమెక్కించినపుడు, సంస్కృతనాటకమన్న గంభీరముగ, మందగమనముతో, సర్వాలంకారశోభితముగ నుండితీరవలెనని నమ్మిన రసజ్ఞులు పలువురు నొసలు ముడిచిరి. అంతకు నాలుగేండ్ల క్రిందట ‘ఆగ్రా బజార్’ నాటకముతో పేరు గడించి, విలాయతులో నాట్యవిద్య నభ్యసించి వచ్చిన ప్రయోక్త, ఛత్తీస్‌గఢ్ పల్లెలలో రాత్రులు నాచా ఆడుకొను నటుల నార్గురిని తెచ్చి ప్రాచీనకావ్యమున నిలుపుట వారికి రుచింపలేదు. జానపదమును కావ్యము నెత్తిన రుద్దినారనుట వారి యాక్షేపణ. ఆ తీర్పు నేడు తలక్రిందులైనది. ఆ ప్రయోగమునే ఆధునిక భారతీయ రంగస్థలమున నొక మలుపుగ గణించుచున్నారు. కాలముతోపాటు అభిరుచులు మారుచుండును గనుక ఇదియు నట్టి మార్పే యని తోసివేయరాదు. నాచా నటుడు తనకు తెలియకయే శూద్రకుని శిల్పమునకు పండితునికంటె సన్నిహితుడై యుండుటయే ఇందులకు మూలమని నా దృఢవిశ్వాసము.

తన్వీర్ 1923 సెప్టెంబరు 1న రాయపూరులో జన్మించెను. చదువు ఆ యూరి లారీ మునిసిపల్ హైస్కూలులోను, పిదప నాగపూరు మోరిస్ కళాశాలలోను సాగినది. 1955లో ఇంగ్లండు పోయి శిక్షణ పొంది, 1956లో బెర్లిను చేరునప్పటికి నాటకకర్త బ్రెక్ట్ మహాశయుడు కొలదికాలము క్రిందటనే కన్నుమూసి యుండెను. ఆయన నాటకములను మాత్రము ఆయన మేళమువారే ఆడగా తనివితీర చూచెను. స్వదేశమునకు తిరిగివచ్చి రాయపూరు పోయినపుడు, తాను చదివిన పాఠశాల మైదానముననే నాచా జరుగుచున్నదని విని, తెల్లవారువరకు కదలక కూర్చుండెను. మదన్‌లాల్, ఠాకుర్‌రామ్, భుల్వారామ్, లాలూరామ్ మున్నగు నటులు ఢిల్లీకి తరలుట ఆ పయనపు ఫలమే. మరుసటి యేడు, 1959లో, మోనికా మిశ్రాతో కలిసి ఆయన నయా థియేటర్‌ను స్థాపించెను.

నాచాకు కట్టిన వేదిక యక్కరలేదు. ఊరి నడుమ చదునైన నేల, మూడువైపుల జనము, ఒక ప్రక్క చికారా, తబలా, మంజీరా పట్టిన వాద్యకాండ్రు ఉన్న చాలును. పూర్వము వాద్యములను నడుమునకు కట్టుకొని, నిలుచుండియే వాయించెడివారు. దానిని ‘ఖడే సాజ్’ నాచా యందురు. 1920ల చివర రాజనాందగావ్ ప్రాంతమున రవేలీ గ్రామపు మందరాజీ దావు మేళమును కూర్చి, ఉన్న ఆస్తిని దానికే ధారపోసి, హార్మోనియమును చేర్చి, ఈ కళకొక స్థిరరూపము నిచ్చెను. కాగడాలు పోయి పెట్రోమాక్సు దీపములు, అవియు పోయి విద్యుద్దీపములు వచ్చినను, ఆట రాత్రి తెల్లవార్లు సాగుట మారలేదు. ‘పరీ’లనబడు స్త్రీవేషధారులైన పురుషులు పాడుచు నాడుదురు, ‘జోక్కడ్’ అను హాస్యగాండ్రు ‘గమ్మత్’ నడుపుదురు. వ్రాతప్రతి యుండదు. కథ ఎచట మొదలిడి ఎచట ముగియవలెనో మేళమువారు ముందుగ ననుకొందురు. నడుమ మాటలన్నియు నప్పటికప్పుడు పుట్టవలసినవే. జమీందారు దురాశ, వడ్డీవ్యాపారి కపటము, కులాహంకారము, ముసలివాని పెండ్లియావ, వీనిలో దేనిని చేతికందుకొన్నను జనము తమ యూరివానిని గుర్తుపట్టునట్లు ఆడుదురు.

ఈ నటనలో ఒక సూక్ష్మము కలదు, అది తెలియక ఎందరో నాచాను మొరటుకళ యన్నారు. నాచా నటుడు మాట విసరి ఊరకుండడు. ఏ వైపునుండి నవ్వు లేచునో ఆ వైపునకు మేను త్రిప్పును; రెండవమాట ఆ వైపువారికి చెప్పును; ఇంతలో మరియొక మూలనుండి చమత్కారపు ప్రశ్న వచ్చెనా, దానికి బదులు చెప్పుచునే అటు నడచును. వాని చలనమునకు సూత్రము ప్రేక్షకుల శ్వాసలో నున్నది. పంక్తిలో ముందు వెనుక లెరుగనట్లు కన్పట్టు ఆ నడక వెనుక ఎంతటి శ్రుతిజ్ఞానము, ఎంతటి కాలజ్ఞానము గలదో ఒక్కసారి గమనించినవారు మరల దానిని తేలికగ మాటాడరు.

తన్వీర్ తొలినాళ్లలో ఈ విద్యను కట్టివేసిన మాట వాస్తవము. ఆయనయే దానిని పలుమారులు చెప్పుకొనెను. అక్షరములు రాని నటులచేత హిందీ పలికింపజూచెను. ఇటు ఇన్ని యడుగులు వేసి, అచట నిలిచి, ఈ మాట యనుమని గీతలు గీచి చూపెను. మూడువైపుల వేలజనమును రాత్రంతయు కదలనీయని మహానటులు ఆ నిర్బంధములో బిగుసుకొనిపోయిరి. లోపము వారిది కాదనియు, పరభాషయు పరాయినడకయు వారి గొంతు నొక్కుచున్నవనియు ఆయన గ్రహించుటకు పది యేండ్లకు పైగా పట్టినది. 1973లో రాయపూరులో నాచా కళాకారులతో ఆయన జరిపిన శిబిరమునుండి ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’ వెలువడినది. దానిలో ఛత్తీస్‌గఢీ భాష కెట్టి సంకెళ్లును లేవు. విజయదాన్ దేథా కథ నాధారముగ చేసికొని, సత్నామీల పంథీ పాటలతో పెంపొందిన ‘చరణ్‌దాస్ చోర్’ 1975లో వచ్చి, 1982లో ఎడింబరో ఫ్రింజ్ పురస్కారమును గెలిచినది. మృచ్ఛకటికమును గూడ ఆయన మరల చేపట్టి, నటుల మాతృభాషలోనికి మార్చెను. తొలుత ముఖము త్రిప్పుకొన్న ప్రేక్షకలోకము ఆ నాటకమును సగౌరవముగ స్వీకరించినది పిమ్మటనే.

ఇపుడు శూద్రకుని చూతము. మృచ్ఛకటికము పది అంకముల ప్రకరణము. దేవతలు, మహారాజుల కథ కాదు, దరిద్రుడైన బ్రాహ్మణుడు చారుదత్తుడు, వేశ్య వసంతసేన, దొంగ, జూదరి, బండివాడు సంచరించు ఉజ్జయినీ వీథుల కథ. సంస్కృతము పలుకువారిందులో కొందరే. మిగిలినవారందరును ప్రాకృతములు పలుకుదురు. వ్యాఖ్యాత పృథ్వీధరుడు శౌరసేని, మాగధి మొదలు శకారి, చాండాలి, ఢక్కి వరకు ఏడు భేదములను లెక్కించెను. వీథిభాషలతో నిండిన కావ్యమును వీథిభాషలో ఆడుట అపచారమన్నవారు శూద్రకుని సంస్కృతచ్ఛాయలో మాత్రమే చదివి యుందురని తోచును.

రెండవ అంకమున సంవాహకుని ఘట్టమును తీసికొనుడు. జూదములో పది సువర్ణములు బాకీపడి పారిపోవుచున్న సంవాహకుడు, అడుగుజాడలు తప్పుదారి పట్టించునట్లు వెనుకకు వెనుకకు నడచి శూన్యదేవాలయమున దూరి, విగ్రహములేని పీఠముపై తానే విగ్రహమై నిలుచును. వెంటతరిమిన మాథురుడును వాని తోడి జూదరియును ఆ ‘దేవుని’ జూచి అనుమానించి, గిల్లి, గుంజి, తుదకు ఆ సమక్షముననే పాచికలాట కూర్చుందురు. పాచికల చప్పుడు చెవినిబడగానే విగ్రహమునకు చేతులూరును, ఓర్చుకొనును, మరల నూరును, చివరకు ‘నా పందెము’ అనుచు నుఱుకును. ఈ ఘట్టమునకు ప్రాణము శ్లోకములో లేదు. కదలకుండుటలో కదలిక చూపవలసిన నటునిలోను, ఎంతసేపు నిలిపిన నవ్వు పండునో ఎరిగిన కాలజ్ఞానములోను ఉన్నది. అది జోక్కడునకు పుట్టువిద్య.

రంగవిధానమును జూచినను ఇంతే. భరతుడు కక్ష్యావిభాగమును చెప్పినాడు. నటుడు రంగముపై చుట్టి నడచిన స్థలము మారినట్లే. ‘పరిక్రమ్య’ యన్న ఒక్కమాటతో చారుదత్తుని ఇంటినుండి రాజవీథికిని, వీథినుండి ఉద్యానమునకును పోవు నాటకమిది. తెరలు చిత్రించి, గోడలు నిలిపి దీనిని ఆడబూనినవారు మాటిమాటికి రంగము మార్చుకొనుచు కథాగమనమును కుంటుపరతురు. ఒట్టి నేలమీద ఒక చుట్టు తిరిగి, ‘ఇదే వసంతసేన యిల్లు’ అని పాడిన జనము నమ్మునన్నది నాచాకు నిత్యానుభవము. ఆక్షేపకుల మాటలో సారము లేకపోలేదు. అయిదవ అంకమున వర్షవర్ణనశ్లోకముల సంస్కృతనాదము ఏ దేశభాషలోను పూర్తిగ దక్కదు. కాని ఆ నష్టము ప్రతి యనువాదమునకు నున్నదే. దానిని గ్రామ్యనటుల తలకు చుట్టుట న్యాయము కాదు.

తెలుగువారికి ఈ వివాదము క్రొత్తది కాదు. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో ప్రతాపరుద్రీయ నాటకమున చాకలి పేరిగానిచేత వాని భాషనే పలికించినపుడు ఎందరో అధిక్షేపించిరి. ఆ మహాపండితుడు సంస్కృతనాటకముల ప్రాకృతములనే సాక్ష్యముగ నిలిపి, పాత్రోచితభాషను సమర్థించుచు ‘గ్రామ్యభాషాప్రయోగ నిబంధనము’ రచించెను. రామాయణము నడుమ కేతిగానిని బంగారక్కను నిస్సంకోచముగ ప్రవేశపెట్టిన తోలుబొమ్మల కళాకారుల కాయన వాదము వినవలసిన పనియే లేదు. వారు తరతరములుగ నదే చేయుచున్నారు.

విజయనగరమున రైలెక్కినవారు పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగ రాయపూరు చేరుదురు. ఆ దారి కిటు కొసనున్న కళింగాంధ్ర భాగవతుల చేతికి మృచ్ఛకటిక ద్వితీయాంకమును అప్పగించి చూడవలెనని నా కోరిక. వారికి ముందు వ్రాతప్రతి నీయరాదు. కథ చెప్పి, పాచికలిచ్చి, ప్రక్కకు తొలగవలెను. సంవాహకుడు శ్రీకాకుళపు యాసలో మొరవెట్టుకొనవలెను, మాథురుడు సంతబేరగాని మాటలో గద్దింపవలెను. జూదమును రాజ్యముగ పొగడు దర్దురకునికి మాత్రము శూద్రకుడు సంస్కృతమునే యిచ్చినాడు గనుక, చినిగిన ఉత్తరీయమును దాచుకొనుచు ఆ జూదరి యొక్కడే నిండుగ్రాంథికము పలుకవలెను.