పన్నెండో ముడి

కుశలవులకు పన్నెండేళ్లు నిండిన రోజది. పిల్లలు వాల్మీకి సంరక్షణలో పెరుగుతున్నారు. తండ్రి పంచవటిలో ఉన్నాడు. తనకు కొడుకులు పుట్టారన్న సంగతే ఆయనకు తెలియదు. తల్లి అదే పంచవటిలో, ఆయనకు చేయి చాపితే అందేంత దగ్గరలో, ఎవరి కంటికీ కనబడకుండా నిలబడి ఉంది. ఇంటి పండుగను ఇలా ఊహించగలిగిన కవిని, నేను చదివినంతలో, భవభూతి తప్ప మరొకణ్ణి చూడలేదు.

ఆయన ఉత్తరరామచరితం మూడో అంకమంతా ఈ పుట్టినరోజు మీదే నిలబడింది. ఏడాది నిండినప్పుడల్లా దారానికి ఒక మంగళగ్రంథి వేయడం ఆనాటి ఆచారం. కుశలవులకు ఈ రోజు పన్నెండో ముడి. స్వయంగా కోసిన పూలతో, మెట్టినింటి మూలపురుషుడైన సూర్యుణ్ణి అర్చించుకొమ్మని భాగీరథి సీతను పంపింది. మనుషులకే కాదు, వనదేవతలకు కూడా కనబడవని వరమిచ్చి మరీ పంపింది. తమసానది తోడుగా సీత పూలు కోసుకుంటూ వస్తుంటే, పన్నెండేళ్ల తర్వాత రాముడి గొంతు చెవిన పడుతుంది.

విడిచివచ్చిన చోటు మీద బెంగ, కలిసి తిరిగిన దారుల జ్ఞాపకం, ఇంట్లో శుభకార్యం. ఈ మూడింటినీ విడివిడిగా పాడిన కవులు ఎందరో ఉన్నారు. మూడింటినీ ఒక్క ముడిలో బిగించినవాడు భవభూతి. బిగించి ఒక సత్యం చెప్పాడు: తిరిగి వెళ్లడమంటే పోయినదాన్ని మళ్లీ పొందడం కాదు, మారినదాన్ని గుర్తుపట్టడం. ఆ గుర్తుపట్టడంలోని ఆనందం కన్నీళ్లతో కలిసే వస్తుంది.

భవభూతి ఎనిమిదో శతాబ్ది తొలినాళ్ల కవి. విదర్భలోని పద్మపురం ఆయన వంశం వారి ఊరు. కన్యాకుబ్జ ప్రభువు యశోవర్మ ఆదరణలో ఉన్నాడని కల్హణుడి రాజతరంగిణి చెబుతుంది. ఊరు దక్షిణాన, కొలువు ఉత్తరాన. ఆయన దండకను, గోదావరిని వర్ణించేటప్పుడు ఆ మాటల్లో విన్నవాడి ఊహ కంటే తిరిగినవాడి చనువు ఎక్కువగా నాకు వినిపిస్తుంది. కొండగుహల్లో చొరబడి గద్గదంగా మోగే గోదావరి నీళ్లు, మబ్బు తలపాగా చుట్టుకున్న నల్లని శిఖరాలు, ఎదురెదురుగా వచ్చి ఢీకొనే సంగమాల అలలు ఈ నాటకం రెండో అంకంలో ఉన్నాయి. పాపికొండల మధ్య లాంచీలో వెళ్లిన తెలుగువాడికి ఆ శ్లోకాల శబ్దం అర్థానికంటే ముందే తెలిసిపోతుంది.

నాటకం ఒక చిత్రశాలతో మొదలవుతుంది. పట్టాభిషేకానికి వచ్చిన జనకుడు మిథిలకు తిరిగి వెళ్లిపోయాడు. అత్తలు, వసిష్ఠుడు, అరుంధతి ఋష్యశృంగుడి యాగానికి వెళ్లారు. నిండు గర్భిణి సీత పుట్టింటి మీద దిగులుతో ఉంది. ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందని లక్ష్మణుడు తమ కథనే బొమ్మలుగా గీయించి చూపిస్తాడు. మిథిలలో పెళ్లి బొమ్మ వస్తుంది. లక్ష్మణుడు ఒక్కొక్కరినీ చూపిస్తూ సీతను చెప్పాడు, మాండవిని చెప్పాడు, శ్రుతకీర్తిని చెప్పాడు. ఊర్మిళ దగ్గర ఆగకుండా దాటేశాడు. సీత ఊరుకుంటుందా? మరి ఈవిడెవరని అడిగింది. ఆయన సిగ్గుపడి, పరశురాముడి బొమ్మ వైపు చూపు తిప్పాడు. పరశురాముడి దగ్గరికి వచ్చేసరికి తన గెలుపు తానే వినలేక రాముడు ముందుకు పదమన్నాడు. మంథర బొమ్మ దగ్గర రాముడు మాటే ఎత్తలేదు. శృంగిబేరపురంలో గుహుణ్ణి కలిసిన ఇంగుదీవృక్షం చూపించి దాటేశాడు. అన్నగారు నడిమి తల్లి కథను తప్పించారని లక్ష్మణుడు మనసులోనే అనుకున్నాడు.

ఈ దాటవేతల్లో ఉంది భవభూతి శిల్పం. ఎవరు ఏ బొమ్మ దగ్గర ఆగారు, ఏ బొమ్మను దాటారు అన్నదాంట్లోనే వాళ్ల స్వభావమంతా బయటపడుతుంది. ఒకరి దాటవేతలో సిగ్గు, ఇంకొకరి దాటవేతలో వినయం, మరొక చోట క్షమ. ఒక్క పాత్ర గుణాన్నీ కవి తన నోటితో చెప్పలేదు. ధ్వని అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

మా నాన్న పుట్టిన విశ్వావసు సంవత్సరం (1965–66) మళ్లీ 2025 ఉగాదికి వచ్చింది. వశిష్ఠ గోదావరి గట్టున ఉన్న మా ఊళ్లో షష్టిపూర్తి చేశాం. ముందురోజు రాత్రి వసారాలో పాత పెళ్లి ఆల్బమ్ చేతులు మారుతూ వచ్చింది. ఆడవాళ్ల గుంపులో ఒక మూల నిలబడ్డ రెండు జడల పిల్ల మీద వేలు పెట్టి అమ్మ, "ఏమయ్యా మరిదీ, ఈ పిల్లెవరో గుర్తుందా?" అంది. ఆ పెళ్లికి పక్క ఊరి నుంచి వచ్చిన ఆ పిల్లే తర్వాత మా పిన్ని అయింది. బాబాయి నవ్వి పేజీ తిప్పేశాడు. ఇంకో పేజీ దగ్గర నాన్న ఒక్క మాటా అనకుండా తిప్పాడు. అందులో పెదనాన్న ఉన్నాడు, మాటల్లేని ఏళ్లు ఉన్నాయి. చిత్రదర్శనాన్ని నేను అప్పటికే చాలాసార్లు చదివాను. అది మా వసారాలో కూడా జరుగుతుందని ఆ రాత్రి తెలిసింది. పదమూడు వందల ఏళ్ల కిందటి కవి మన ఇంటి మనుషుల్ని ఇంత దగ్గరగా ఎలా చూశాడన్న ఆశ్చర్యం నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ బొమ్మల్లోకి మళ్లీ వెళ్దాం, ఎందుకంటే ప్రయాణపు జ్ఞాపకాలు అక్కడే చిక్కబడతాయి. వనవాసంలో ఏం గుర్తుంది వాళ్లకు? దక్షిణాపథంలో ఎండకు అడ్డంగా రాముడు పట్టిన తాటాకు గొడుగు సీతకు గుర్తుంది. ప్రస్రవణగిరి దగ్గర చెంపకు చెంప ఆనించి, అదీ ఇదీ అని లేకుండా ఏవేవో చెప్పుకుంటూ ఉండగా జాములు తెలియకుండా రాత్రే అయిపోవడం రాముడికి గుర్తుంది. ఏం మాట్లాడుకున్నారో గుర్తులేదు, తెల్లవారిపోయిందన్నది గుర్తుంది. రాక్షసుల యుద్ధాల కంటే తాటాకు గొడుగును ముందు నిలబెట్టిన కవికి యాత్రాస్మృతి స్వరూపం బాగా తెలుసు. దూరాలు, పేర్లు కరిగిపోతాయి. ఒకరు ఇంకొకరి కోసం చేసిన చిన్న పని మిగులుతుంది.

శూర్పణఖ బొమ్మ చూసి సీత నిజంగానే వణికింది. ఇది బొమ్మేనని రాముడు ధైర్యం చెప్పాడు. పంపాసరస్సు దగ్గరికి వచ్చేసరికి, ఒక కన్నీటి చుక్క రాలి మరో చుక్క ఊరేలోపు దొరికిన చూపుతోనే ఆ కలువలను చూశానని ఆయనే చెప్పాడు. ఇక చాలు, ఎడబాటు మళ్లీ జరుగుతున్నట్టుందని ఆపమన్నాడు. అప్పుడు సీత ఒక కోరిక కోరింది: ఆ అడవుల్లో మళ్లీ తిరగాలి, భాగీరథిలో మునగాలి. రాముడు వెంటనే రథం సిద్ధం చేయమన్నాడు. సీత ఆయన చేతిని తలగడ చేసుకుని నిద్రపోయింది. సుఖంలోనూ దుఃఖంలోనూ ఒకటిగా ఉండేది, ముసలితనం రసాన్ని హరించలేనిది, కాలం మొహమాటపు తెరలన్నీ తీసేశాక సారంగా నిలిచేది దాంపత్యమని రాముడు ఆమె ముఖం చూస్తూ అనుకుంటాడు. షష్టిపూర్తి నాడు అరవై ఏళ్ల వరుడు మళ్లీ మూడు ముళ్లు వేస్తున్నప్పుడు మంత్రాలతో పాటు చదవదగ్గ భావం అది. కాని నాటకంలో ఆ మాటలు ముగియగానే వేగులవాడు దుర్ముఖుడు లోకాపవాదపు వార్త తెస్తాడు. విహారానికని సిద్ధం చేసిన రథమే సీతను అడవిలో వదలడానికి వెళుతుంది. ఆమె కోరిక అక్షరాలా తీరింది. కరుణరసానికి ఇంత తీక్ష్ణమైన ఘటన సంస్కృత నాటకంలో మరెక్కడా నాకు కనబడలేదు.

పన్నెండేళ్లు గడిచాయి. శంబూకవధకు వచ్చి, కత్తి ఎత్తిన తన కుడిచేతినే నీకు దయ ఎక్కడిదని నిందించుకున్న రాముడు, జనస్థానంలోకి నడుస్తాడు. ఒకప్పుడు ప్రవాహమున్న చోట ఇప్పుడు ఇసుకతిన్నె. చెట్లు దట్టంగా ఉన్న చోట పలచబడ్డాయి, పలచగా ఉన్న చోట దట్టమయ్యాయి. ఇది ఆ అడవేనా అన్న సందేహాన్ని కొండలు మాత్రమే తీరుస్తున్నాయి. గోదావరి లంకల్లో పుట్టినవాళ్లకు ఈ శ్లోకం వ్యాఖ్యానం లేకుండా అర్థమవుతుంది. వరదకు ఒక లంక కోసుకుపోతుంది, దిగువన ఇంకో చోట మేట వేస్తుంది, పాత రేవు ఇసుకలో ఉండిపోతుంది. మా ఊళ్లో కొండ లేదు. గుడి గోపురం, గట్టు మీది రావిచెట్టు మాకు ఆ సాక్ష్యం చెబుతాయి. అన్నీ యథాతథంగా ఉండి ఉంటే అది జ్ఞాపకం కాదు, కేవలం చూపు. అన్నీ మారిపోయి ఉంటే పరాయి చోటు. మార్పుకీ నిలకడకీ మధ్య దొరికే ఆ సన్నని ఆనవాలులోనే రసం పుడుతుందని భవభూతికి తెలుసు. అందుకే నదిని కదిలించి, కొండను ఉంచాడు.

నాట్యశాస్త్రకర్త భరతుడు స్మృతిని ముప్పైమూడు వ్యభిచారి భావాల్లో ఒకటిగా లెక్కించాడు. వచ్చి పోయే భావం, స్థాయికి సాయం చేసేది, అంతే. భవభూతి దానికి రాజ్యం కట్టబెట్టాడు. ఒక అంకం బొమ్మల ద్వారా స్మృతి, ఒక అంకం భూమి ద్వారా స్మృతి, ఒక అంకం ప్రాణుల ద్వారా స్మృతి. ఛాయాంకమని పేరుపొందిన మూడో అంకంలో ఈ మూడో మెట్టు చేరుకుంటాం.

సీత సల్లకీ చిగుళ్లు తినిపించి పెంచిన ఏనుగుపిల్ల మీదకి మరో మదపుటేనుగు వచ్చిందని వనదేవత వాసంతి కేక వేస్తుంది. సీత పాత అలవాటుగా, ఆర్యపుత్రా, నా బిడ్డను కాపాడు అంటుంది. మరుక్షణం తన స్థితి గుర్తొస్తుంది. ఆ పిల్ల ఇప్పుడు పిల్ల కాదు. పోరులో గెలిచి, ఆడ ఏనుగును మురిపిస్తోంది. చప్పట్లు చరిచి తాను ఆట నేర్పిన నెమలి, తాను పెంచిన కడిమి చెట్టు మీద ఉంది. పెంచుకున్నవన్నీ తాను లేకుండానే ఎదిగాయి. ఏనుగు ఇంతైతే, మరి నా కుశలవులు ఎంతై ఉంటారోనని తల్లి మనసు వెళ్లింది. ఆ తలంపుతోనే పాలిండ్లు చేపాయి. పక్కన పిల్లల తండ్రి ఉన్నాడు. క్షణకాలం మళ్లీ సంసారిని అయ్యానంటుంది సీత. అప్పుడు తమస అంటుంది: దంపతుల హృదయాలను కలిపి వేసిన ఆనందగ్రంథి సంతానం. పన్నెండో ఏటి ముడి, ఇద్దరి మనసుల ముడి ఇక్కడ ఒకటయ్యాయి. పుట్టినరోజును కవి ఎందుకు ఎంచుకున్నాడో ఈ చోట వెలుగులా తెలుస్తుంది. బిడ్డ ఎదుగుదలను కొలిచే రోజే భార్యాభర్తల బంధాన్ని కూడా కొలుస్తుంది.

రాముడు మూర్ఛపోతే కనబడని సీత చేయి తాకి తెప్పిస్తుంది. ఆయన ఆ స్పర్శను గుర్తుపడతాడు, మనిషిని చూడలేడు. ప్రేక్షకుడు ఇద్దరినీ చూస్తాడు. ఈ ఏర్పాటు లేకపోతే రాముడి శోకం వట్టి విలాపం అయ్యేది. సీత వింటోంది కనుక ప్రతి కన్నీటికీ గమ్యం ఉంది. నిష్కారణంగా వదిలేశాడన్న శల్యం ఆమె గుండెలో మెల్లగా కరుగుతోంది కనుక ప్రతి మాటకూ ఫలం ఉంది. అశ్వమేధానికి నాకు సహధర్మచారిణి ఉందని ఆయన అన్నప్పుడు ఆమె ఉలిక్కిపడుతుంది. బంగారు సీత అని వినగానే ఆమె కళ్లు నిండుతాయి. ఆ పీట మీద మరెవరూ కూర్చోలేదు.

ప్రతి ఇంటి శుభకార్యంలోనూ కనబడకుండా వచ్చినవాళ్లు ఉంటారు. నాన్నకు కలశోదకం పోస్తున్నప్పుడు మేనత్త నాయనమ్మ పేరు తలచుకుంది. ఊరివాళ్లు ఆమె చేతి పనసపొట్టు కూర తలచుకున్నారు. ఆ తలపు వల్ల సందడి తగ్గలేదు, దానికి బరువు వచ్చింది. శోకం లేని చోటే ఉత్సవం ఉంటుందనుకునే మనకు భవభూతి కొత్త చూపు ఇస్తాడు. సుడి, బుడగ, అల అన్నీ నీళ్లే అయినట్టు రసాలన్నింటికీ అడుగున ఉన్నది కరుణమే అని తమస చేత అనిపించాడు. అది నిరాశ కాదు. తడి లేని సంతోషం నిలవదన్న అనుభవం.

వాల్మీకి సీతను భూమికి అప్పగించాడు. భవభూతి ఏడో అంకంలో గంగ ఒడ్డున, వాల్మీకే రచించిన నాటకాన్ని అప్సరసల చేత ఆడించి, దాన్ని చూసి కూలిపోయిన రాముడి దగ్గరికి అరుంధతి చేత సీతను తెప్పించాడు. జనమంతా ఆమెకు మొక్కారు. వాల్మీకి పిల్లలిద్దరినీ తల్లిదండ్రులకు అప్పగించాడు. ఇది కథను తేలిక చేసిన మార్పు కాదు. ఆరంకాల పాటు జ్ఞాపకాన్ని బొమ్మల్లో, ఇసుకతిన్నెల్లో, ఏనుగుల్లో, స్పర్శలో పోషించుకుంటూ వచ్చిన కుటుంబం కలుసుకోవడానికి అర్హత సంపాదించుకుంది. మన ఇళ్లలో షష్టిపూర్తులు, పెళ్లిరోజులు, పిల్లల పుట్టినరోజులు జరుగుతూనే ఉంటాయి. వాటికి పూలు, వంటలు, ఫొటోలు కావాలి. అంతకంటే ముందు, కూర్చుని పాత దారులను కలిసి తలచుకునే ఒక సాయంత్రం కావాలి. దాన్ని మనకు అంత అందంగా నడిపి చూపించిన పురోహితుడు భవభూతి.