కల్లు మానిన మనిషికి మన కథలో చోటుందా?

మనస్తత్వ నవల అనగానే మన విమర్శకులు మూడు పేర్లు చెబుతారు: ‘అసమర్థుని జీవయాత్ర’, ‘చివరకు మిగిలేది’, ‘అంపశయ్య’. మూడూ గొప్ప నవలలే, అందులో పేచీ లేదు. అయితే గోపీచంద్ సీతారామారావు చితికిపోయిన పెద్దింటివాడు. బుచ్చిబాబు దయానిధి డాక్టరు. 1969లో వచ్చిన ‘అంపశయ్య’ ఒక అడుగు ముందుకు వేసింది. నవీన్ సృష్టించిన రవి పల్లెనుంచి వచ్చిన పేదవాడే. కానీ అతడూ ఉస్మానియా విద్యార్థి. చదువుకున్నవాడికే మనసుంటుందా? చెరుకు నరికేవాడికి, బీడీలు చుట్టే ఆమెకు ఆకలి ఒక్కటే ఉంటుందా?

2015 సెప్టెంబరులో మా నిజామాబాదు జిల్లాలో కల్తీ కల్లు మీద అధికారులు దాడులు పెంచారు. మత్తుమందు ఒక్కసారిగా ఆగేసరికి జనం చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో ఆసుపత్రులకు చేరారు. చూసినవాళ్లకు అది పిచ్చి. వైద్యం చెప్పేది వేరు. క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం వంటివాటికి ఏళ్లతరబడి అలవాటుపడిన మెదడు, అవి హఠాత్తుగా అందకపోతే అదుపు తప్పుతుంది. డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి. చెట్టు కల్లు చాలనిచోట పొడి కలిపి అమ్ముకునే లాభమూ, ఒళ్లు నొప్పులతో నిద్రపట్టని కూలీ రాత్రీ ఈ రోగంలోనే కలిసి ఉన్నాయి. దీన్ని తాగుబోతు కథగా రాస్తే నీతిబోధ అవుతుంది. దోపిడీ కథగా మాత్రమే రాస్తే కరపత్రం అవుతుంది.

ఆ డిసెంబరులోనే బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. బకాయిల లెక్క మనం రాయగలం. డ్యూటీకి పోవలసిన పనిలేని తెల్లవారుజామున అలవాటుకొద్దీ మెలకువ వచ్చిన కార్మికుడు ఏం చేస్తాడో రాయడం మనకు చేతకాదు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం అంటున్నది. మన కథల్లో మాత్రం చావు ఇంకా ముగింపుకు పనికివచ్చే వాక్యమే.

ఎవరినో అనడం దేనికి? కొన్నేళ్ల క్రితం ఒక యువరచయిత కల్లు మానిన తండ్రి మీద కథ తెచ్చాడు. మూడు పేజీల నిండా ఆ రాత్రి తండ్రికి గోడమీద కనబడిన పురుగులే. ‘వ్యక్తివాదం’ అని ఎర్ర ఇంకుతో కొట్టేసి, కంట్రాక్టరు పాత్ర పెంచమన్నాను. పెంచాడు. కథ అచ్చయింది. చదివినవాళ్లకు కంట్రాక్టరు గుర్తున్నాడు, తండ్రి గుర్తులేడు. ఆ మూడు పేజీలు దాచుకున్నాడో లేదో అడగడానికి నాకింకా నోరు రాలేదు.