బోదకాలు కడిగే చేతులు

క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగులు లింఫు నాళాలను దెబ్బతీస్తాయి. మాత్రలతో పురుగులు చచ్చినా, ముదిరిన కాలి వాపు పోదు. అక్కడి నుంచి భారం నర్సుది.

ఆమె సరంజామా టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు. చర్మం మడతలు విప్పి, వేళ్ల సందులు వదలకుండా కడుగుతుంది. రుద్దకుండా అద్ది తుడుస్తుంది. పగుళ్లకు మందు రాస్తుంది. ఆ పగుళ్లలోంచే బాక్టీరియా దూరి చలిజ్వరం తెస్తుంది. ఆ జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు మరింత లావెక్కుతుంది.

బిగుతు కట్టు వేయాల్సివస్తే ముందు పాదం మీద నాడి చూస్తుంది. ధమనుల్లో రక్తం సరిగా పారని కాలికి ఆ కట్టు ప్రమాదం. చీలమండ దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా చుట్టడంలోనే నేర్పు.

"పెద్దమ్మా, కాలు వేలాడేసుకుని కూర్చోకు, పీట మీద పెట్టుకో. మడమ పైకీ కిందికీ ఆడించు" అని దగ్గరుండి చేయిస్తుంది.

అయినవాళ్లే పక్కన కూర్చోడానికి జంకే కాలిని ఆమె జంకు లేకుండా చేతుల్లోకి తీసుకుంటుంది. రోగి రోజూ తన కాలు తానే చూసుకోగలిగేలా నేర్పడమే ఈ వృత్తి గొప్పతనం.