పద్దెనిమిది నిండిన మర్నాడు

ఇల్లు లేని మనిషి ఓటరుగా చేరడానికి చిరునామా కాగితం చూపించక్కర్లేదు. రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటాడో ఫారం 6లో రాస్తే చాలు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట అక్కడికి వెళ్లి, ఒక్కరోజుతో సరిపెట్టకుండా మళ్లీ వచ్చి, అతను నిజంగా అక్కడే నిద్రపోతున్నాడని చూసుకోవాలి. ఎన్నికల సంఘం పెట్టిన నిబంధనే ఇది. విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద తల వాల్చే పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ ఇది వర్తిస్తుంది. అయితే ఆ సంగతి అతనికి ఎవరో ఒకరు చెప్పాలి. ఫారం నింపిపెట్టాలి. అధికారి రాకపోతే వెళ్లి అడగాలి.

దిక్కులేని యువతకు అండగా నిలబడటంలో సగం పని ఇదే. అన్నం పొట్లం ఆ పూటకు ఆకలి తీరుస్తుంది, దుప్పటి ఆ చలికాలం గడిపిస్తుంది. ఆఫీసు కౌంటర్ దగ్గర కుర్రాడి పక్కన నిలబడి, కసురుకోనివ్వకుండా కాగితం చేతికి ఇప్పించే మనిషి అతని తర్వాతి పదేళ్లను మారుస్తాడు.

ఈ పనిలో విజయవాడకు అనుభవం ఉంది. హౌరా, ఢిల్లీ, చెన్నై, హైదరాబాద్ రైళ్లన్నీ కలిసే జంక్షన్ కావడంతో ఇల్లు వదిలి రైలెక్కిన పిల్లలు ఎందరో ఇక్కడ దిగుతారు. వాళ్ల కోసమే డాన్ బోస్కో స్థాపించిన సలేషియన్ క్రైస్తవ సభ 1989లో నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టింది. మరోవైపు నాస్తికోద్యమ నాయకుడు గోరా 1947లో తన నాస్తిక కేంద్రాన్ని ముదునూరు నుంచి విజయవాడలోని పటమటకు మార్చారు. ఆయన కుమార్తె, విజయవాడ మాజీ ఎంపీ చెన్నుపాటి విద్య 1969లో ప్రారంభించిన వాసవ్య మహిళా మండలి బెంజ్ సర్కిల్ దగ్గరే స్త్రీలకూ పిల్లలకూ ఆసరాగా నిలిచింది. దేవుణ్ని నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఒకే ఊళ్లో ఒకే పనికి పూనుకున్నారు. బెజవాడ గర్వంగా చెప్పుకోదగ్గ విషయమిది.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం గట్టిగానే ఉంది. ఒంటరిగా దొరికిన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకువెళ్లాలి. అలాంటి బిడ్డను చూసీ సమాచారం ఇవ్వకపోవడం నేరం. ప్లాట్‌ఫాం మీద రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లుంటారు, ఫోన్‌లో పిల్లల సహాయ నంబరు 1098 ఉంది.

పుట్టినరోజు దాటితే ఆ గొడుగు ముడుచుకుంటుంది. బాలల సంరక్షణాలయం నుంచి పద్దెనిమిదేళ్లకు బయటికొచ్చేవారికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చని చట్టం చెప్పింది. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య నిబంధనల్లో అది నెలకు 4,000 రూపాయలు. మామూలుగా 21 ఏళ్ల వరకు, అవసరమైతే 23 వరకు. ఇవ్వవచ్చు అన్నంత మాత్రాన అడగనివాడికి అందదు. అసలు సంరక్షణాలయం గడపే తొక్కకుండా, పదహారేళ్లకే ఆటోనగర్ షెడ్డులో చేరి అక్కడే పడుకుని పెరిగినవాడి మాటేమిటి? అతను ఏ రిజిస్టర్ నుంచీ బయటికి రాలేదు కాబట్టి ఈ సాయం లెక్కలోకే రాడు. అందరికంటే తక్కువ ఆసరా ఉన్నవాడిని వదిలేయడం ఈ ఏర్పాటులోని పెద్ద లోపం.

నైట్ షెల్టర్లదీ ఇదే తీరు. లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటుండాలన్నది జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన నిబంధన. 2011 జనాభా లెక్కల నాటికే విజయవాడ పది లక్షలు దాటింది. ఆ లెక్కన వెయ్యి మందికైనా చోటుండాలి. అందులో కుర్రాళ్లకు విడిగా గది, అమ్మాయిలకు వేరే భవనం కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

పని దగ్గరికొస్తే, ఇటలీలోని టురిన్ నగరం గుర్తు చేసుకోవాలి. పల్లెల నుంచి వచ్చి వీధుల్లో తిరిగే కుర్రాళ్లను డాన్ బోస్కో చేరదీశారు. కూడు పెట్టి ఊరుకోలేదు. యజమానితో రాతపూర్వక ఒప్పందం చేయించి, తానూ సంతకం పెట్టేవారు. 1852 నాటి ఒక ఒప్పందం ఇప్పటికీ భద్రంగా ఉంది. దాని ప్రకారం, వడ్రంగం నేర్చుకునే కుర్రాణ్ని యజమాని మాటతోనే దిద్దాలి తప్ప చెయ్యి చేసుకోకూడదు. పండుగరోజుల్లో సెలవివ్వాలి. మన దేశంలోనూ 1961 నుంచి అప్రెంటిస్ చట్టం ఉంది. ఒప్పందం నమోదవుతుంది, స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరిస్తుంది. కుర్రాడి తరఫున మాట్లాడే పెద్దమనిషే కరువు. ఇంగ్లండ్‌లో సంరక్షణాలయాల నుంచి వచ్చిన యువతకు పాతికేళ్ల వరకు అడిగితే సలహాదారుణ్ని ఇవ్వడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత. ఇక్కడ ఆ ఏర్పాటు వచ్చేదాకా ఆ పాత్ర మనమే పోషించాలి.

అందుకే ఒక విన్నపం. బందరు రోడ్డు షోరూముల యజమానులు, ఆటోనగర్ మేస్త్రీలు, హోటళ్లవాళ్లు ఒక్కో కుర్రాడినైనా కాగితం మీద ఒప్పందం రాసుకుని అప్రెంటిస్‌గా తీసుకోండి. రిటైరైన ఉద్యోగులు నెలకు ఒక పూట ఆధార్ కేంద్రానికి వాళ్ల వెంట వెళ్లండి. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం అధిపతి ఇచ్చే ధ్రువపత్రం చిరునామా రుజువుగా చెల్లుతుందని అక్కడ చెప్పండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లవాడు ఒంటరిగా కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.