కాపీ ఉంది, కథ లేదు

మంగళవారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు మాస్టారు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఈ కాలమ్ చదివేవాళ్లకు ఆయన కొత్త కాదు. చేతిరాత గురించి నేను రాసినప్పుడు అందులో అరసున్నల సంగతి తప్పని పోస్టుకార్డు మీద రాసి తలుపు సందులోంచి తోసింది ఆయనే. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఏళ్ల తరబడి ఒక శతకానికి వ్యాఖ్యానం టైపు చేస్తున్నారు, ఒంటివేలితో. ఆ ఫోల్డరు కనిపించడం లేదు.

"ఏం చేశారు మాస్టారూ?"

"వాడు చెప్పినట్టే చేశానయ్యా. స్టోరేజీ నిండిపోయింది, ఖాళీ చెయ్యకపోతే మెయిళ్లు రావు అని ఫోన్లో రోజూ బెదిరింపు. సరేనని ఫోన్లోంచే ఆ క్లౌడులోకి వెళ్లి పెద్దపెద్ద ఫోల్డర్లు తీసిపారేశాను. ఇంట్లోవి ఇంట్లో ఉంటాయి గదా అనుకున్నా. డాబా మీద ఆరేసిన బట్టలు పోతే బీరువాలో బట్టలు కూడా మాయమవుతాయిటయ్యా?"

ఈ వ్యవహారంలో మాయమవుతాయి. ఆయన తప్పేం లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. సింక్ చేసే పని ఒక్కటే, రెండు చోట్లా ఒకేలా ఉండేట్టు చూడటం. ఇక్కడ రాస్తే అక్కడా రాస్తుంది, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుపుతుంది. బ్యాకప్ పని వేరు. ఇవాళ మీరు ఏం పాడు చేసుకున్నా నిన్నటిదాన్ని నిన్నటిలాగే దాచిపెట్టడం దాని ధర్మం. మొదటిదానికి రెండోదాని బోర్డు తగిలించి అంటగడుతున్నారన్నదే నా కోపం. కంప్యూటరు కొత్తగా మొదలెట్టిన రోజున మీ ఫోల్డర్లు బ్యాకప్ చెయ్యమంటారా అని అడుగుతుంది, ఒక్కోసారి అదీ అడగదు. మనం చదవకుండా నెక్స్ట్ నొక్కుతాం. (నెక్స్ట్ బటన్ మీద నా అభిప్రాయాలు మీకు కంఠోపాఠమే, మళ్లీ మొదలెట్టను.) ఆ ఒక్క నొక్కుతో డాక్యుమెంట్స్ ఫోల్డరు కాస్తా ఉన్నచోటు నుంచి లేచి క్లౌడు ఫోల్డరు కిందికి కాపురం మార్చేస్తుంది. కంపెనీని బట్టి 5 జీబీయో 15 జీబీయో ఉచితం. మేనకోడలి పెళ్లి వీడియో ఒక్కటి పడితే అది నిండుతుంది. ఇక అక్కణ్నుంచి రోజూ డబ్బు కట్టమని గుర్తు చెయ్యడం.

ఫోల్డరు దొరికింది లెండి, కంగారు పడకండి. ఎక్కడ దొరికిందో తర్వాత చెబుతాను.

అసలు బ్యాకప్ అనే ఈ మామూలు పనిని ఇంత గజిబిజి చెయ్యాలా? విండోస్‌నే తీసుకోండి. విండోస్ 7లో ఒక బ్యాకప్ ఏర్పాటు ఉండేది. 2012లో విండోస్ 8తో పాటు ఫైల్ హిస్టరీ అని ఇంకోటి వచ్చింది. 2023లో విండోస్ బ్యాకప్ అని మరోటి. కొత్తవి వచ్చినా పాతది పోలేదు. విండోస్ 11 కంట్రోల్ ప్యానెల్ తెరిచి చూడండి, 'బ్యాకప్ అండ్ రిస్టోర్ (విండోస్ 7)' అని బ్రాకెట్టుతో సహా దర్శనమిస్తుంది. ఇంట్లోవాళ్లు అడిగితే వీటిలో ఏది నొక్కమని చెప్పాలి? యాపిల్ వాళ్లు 2007లోనే టైమ్ మెషీన్ అని పెట్టారు. డిస్కు తగిలించి ఒకసారి సరే అంటే చాలు, గంటగంటకూ తనే కాపీ తీసుకుంటుంది, మొన్నటి ఫైలు కావాలంటే మొన్నటిదే ఇస్తుంది. కాకపోతే ఆ కంప్యూటరు ధర విన్న మాస్టారు వ్యాఖ్యానం మళ్లీ తాటాకు మీద రాసుకుంటానంటారు.

దీనికి తోడు 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి మారదామంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసరు వాళ్ల జాబితాలో ఉండాలి. నిక్షేపంగా పనిచేస్తున్న కంప్యూటర్లు రాత్రికి రాత్రి అనర్హమైపోయాయి. 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు కావాలంటే 30 డాలర్లు కట్టవచ్చన్నారు. కట్టనివాళ్లు తమ సెట్టింగులను విండోస్ బ్యాకప్ ద్వారా క్లౌడుకు పంపితే ఉచితమన్నారు. బ్యాకప్ అనేది మనకు చేసే సేవో, మన దగ్గర వసూలు చేసే సుంకమో తెలియని పరిస్థితి.

ఇలాంటివి చూసే ఎన్నాళ్లనుంచో ఒకే పాట పాడుతున్నాను: సొంత డిస్కు కొనుక్కోండి, కాపీ తీసుకోండి, బీరువాలో పెట్టుకోండి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డెజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్లో మంటలు లేచినప్పుడు నా పాటకి తాళం కూడా దొరికింది. ఉద్యోగులు ఆఫీసు కాగితాలు దాచుకునే జీ-డ్రైవ్ మొత్తం, 858 టెరాబైట్లు, ఆ మంటల్లో పోయింది. బయట ఇంకో కాపీ లేదు. అంతటి సాంకేతిక దేశంలో! చూశారా, మేఘాల్ని నమ్ముకుంటే ఇదీ గతి అని అప్పట్లో ఇంట్లో అందరికీ వినిపించాను.

మాస్టారి ల్యాప్‌టాప్ అప్‌డేటు పేరుతో గిర్రున తిరుగుతుండగా ఆయన తీరిగ్గా కాఫీ తాగుతూ తాళపత్రాల సంగతి ఎత్తారు. మన ఎండకీ వానకీ పురుగుకీ తట్టుకుని తాటాకు మహా అయితే కొన్ని వందల ఏళ్లు. అందుకని ఆకులు పెళుసెక్కుతున్నాయనగానే కొత్త ఆకుల మీదికి ఎక్కించేవారు. ఘంటంతో గీసి, గీతల్లో మసి పూసి తుడిస్తే అక్షరం తేలేది. పాత కట్టను ఏట్లో కలిపేవారు. నకలు రాసినవాడు చివర ఒక శ్లోకం తగిలించేవాడు. నేను పుస్తకంలో ఎలా చూశానో అలాగే రాశాను, తప్పో ఒప్పో, నన్ను మాత్రం నిందించకండి అని దాని సారం. మాస్టారు ఆ శ్లోకం రాగంతో చదివి, "మీరు చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కేది ఇదేనయ్యా!" అన్నారు.

నిజమే. ఆ లేఖకుడు ముందున్న తప్పును కూడా భక్తిగా ఎక్కించేవాడు, నిద్రమత్తులో తనదొకటి కలిపేవాడు. రెండు మూడు తరాలు గడిచేసరికి పద్యం ఒకటే, పాఠాలు పది. 1820లో కడప చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌కు వేమన పద్యాల విషయంలో ఎదురైన తలనొప్పి ఇదే. చేతికందిన ప్రతులు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఆయన చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఒకే గ్రంథానికి వేర్వేరు ఊళ్ల నుంచి ప్రతులు తెప్పించాడు. పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు తమ ముందున్న ప్రతితో సరిచూడటం, తేడా వచ్చినచోట గుర్తు పెట్టడం, అన్నీ తేలాక కాగితం మీద శుద్ధప్రతి రాయించడం. చేతి డబ్బు చాలక అప్పులు చేశాడు. వేమన 1829లో అచ్చయింది. ఆ రాతప్రతుల సేకరణ మద్రాసుకు చేరి ఇవాళ చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది. కడపలో బ్రౌన్ బంగళా ఉన్నచోట ఆయన పేరుతోనే గ్రంథాలయం నడుస్తోంది. కాపీలు తీయించినవాళ్లు మనకు చాలామందే ఉన్నారు. తీసిన కాపీ చదివి చూసినవాడిగా బ్రౌన్ గుర్తుండిపోయాడు.

ఇక్కడ నాకు ఏలూరు రోడ్డు వెనక సందులో ఒక డీటీపీ సెంటరు గుర్తుకొచ్చింది. ఇరుకు మెట్లు, పైన ఒకటే గది, ఏసీ మనుషులకు కాదు కంప్యూటర్లకు. 2000 తర్వాత సంవత్సరాలు. పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో, శ్రీలిపితో తెలుగు పుస్తకాలు తయారవుతున్న కాలం. ఆ ఫాంట్లు లేకపోతే ఆనాటి మన ప్రచురణ లేదు, అది ఒప్పుకోవాల్సిందే. ఆపరేటరు కుర్రాడు కీబోర్డు వంక చూసేవాడే కాదు. నేను పక్కన ప్రూఫులు పట్టుకుని కూర్చుంటే, వత్తు పక్కకు జరిగిన చోటల్లా కెర్నింగ్ సరిచేసి, బటర్ పేపరు మీద ప్రింటు తీసి, ట్యూబ్‌లైటుకు అడ్డం పట్టి చూసి ప్లేటుకు పంపేవాడు. పని పూర్తయ్యాక సీడీ రైట్ చేసి, మార్కరుతో పుస్తకం పేరు రాసి చేతిలో పెట్టేవాడు. "సార్, భద్రం. దీన్లో మొత్తం ఉంది."

అలా ఒక కథకుడి సమగ్ర సంపుటం సీడీ నా దగ్గర మిగిలింది. ఆయన పోయాక, డాలస్‌లో ఉంటున్న కూతురు పుస్తకం మళ్లీ వేయిద్దామని ఫోన్ చేసింది. "బాబాయ్, ఫైల్ ఉంటే పంపవూ, రీటైప్ ఖర్చు తప్పుతుంది." ఉందమ్మా, బీరువాలో భద్రంగా ఉంది అన్నాను గర్వంగా. సీడీ చక్కగా చదివింది. ఒక్క గీత లేదు. ఫైలు ఎంత ఉండాలో అంతే ఉంది. తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, పక్కన కాపీరైట్ గుర్తులు, మధ్యలో ఒక పౌండు గుర్తు. ఆ ఫాంటు కొత్త కంప్యూటర్లో లేదు. లేకపోతే ఆ ఫైలుకు తెలుగు రాదు, ఎందుకంటే అందులో తెలుగు అక్షరాలు ఎప్పుడూ లేవు. ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలకు తెలుగు బొమ్మలు తొడిగారు, ఆ తొడుగు ఊడింది. డీటీపీ సెంటరు మూసేసి చాలాకాలం. చివరికి అచ్చు పుస్తకం ఒకటి సంపాదించి, ఒక అమ్మాయిని కూర్చోబెట్టి మొదటి నుంచీ టైపు చేయించాం. మళ్లీ నకలు రాయడమే.

ప్రతి అక్షరానికీ దాని సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే, మొదటి వెర్షన్‌లోనే చేరింది. ఎక్స్‌పీ కాలానికి విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు కనిపించసాగింది. మనం మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం పాత అలవాటు వదలలేదు. విండోస్ 10 వచ్చేసరికి గౌతమి అడిగితేగానీ రాని ఫాంటయింది, దాని చోట నిర్మలా యూఐ ఉంది. అయినా గౌతమిలో టైపు చేసిన ఉత్తరం నిర్మలాలో ఒక్క అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. ఫాంటు పోతే అందం మారింది, అక్షరం ఉంది.

ఇప్పుడు మాస్టారి ఫోల్డరు. అది దొరికింది ఆ క్లౌడు వాళ్ల చెత్తబుట్టలోనే. తీసేసినవి కొన్నాళ్లపాటు అక్కడ ఉంటాయి, ఆయన వారం లోపే వచ్చారు కాబట్టి బతికిపోయారు. రిస్టోర్ నొక్కగానే శతకం, వ్యాఖ్యానం, పీఠిక మూడు రకాల చిత్తుప్రతులతో సహా దిగాయి. పీఠిక నా ఫోన్లో తెరిచి చూపిస్తే తెలుగు తెలుగులాగే ఉంది. మరి నేను పోరు పెట్టి ఆయన చేత కొనిపించిన ఎక్స్‌టర్నల్ డిస్కు ఏమైందని అడిగాను. దాని పెట్టె విప్పనే లేదట. మాస్టారి భార్య, మా పిన్నిగారు, దాని మీద జేగంటలు చెక్కిన చిన్న పీట వేసి, పైన గణపతిని కూర్చోబెట్టారు, ఎత్తు సరిపోయిందని.

కాబట్టి ఈ వారం నా పాత పాట పక్కన పెడుతున్నాను. ఆదివారం పూట కూర్చుని చేత్తో కాపీలు తీసుకునే ఓపిక ఉన్నవాళ్లు డిస్కు తప్పకుండా వాడండి, వాడాక కేబుల్ పీకెయ్యండి, లేకపోతే వైరస్ దాన్నీ వదలదు. మిగతావాళ్లు, అంటే దాదాపు అందరూ, ఆ అడగకుండా చొరబడే క్లౌడును ఆపెయ్యకండి. స్టోరేజీ నిండితే నెలకు ఒక సినిమా టికెట్టు డబ్బు కట్టండి. దాని మర్యాద బాగోలేదు, నిజమే, కానీ మన చేత ఏ పనీ చేయించకుండా తన పని చేసుకుపోతుంది. కంపెనీలను నేను కోరేది ఒక్కటే. డిలీట్ నొక్కినప్పుడు, 'ఇది ఇక్కడ తీసేస్తే మీ ఇంట్లో కంప్యూటర్లోనూ పోతుంది' అని ఒక్క ముక్క, మాస్టారికి అర్థమయ్యే తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి.

ఇక మీకు చెప్పేది. విండోస్ 10 పేరు చెప్పి ఈ ఏడాది చాలా ఇళ్లలో పాత కంప్యూటర్లు తూకానికి వెళ్తున్నాయి. నాన్నగారి కవితలో, సంఘం సావనీరో, అమ్మ రాయించుకున్న వంటలో పాత ఫాంట్లలో ఉన్న ఫైళ్లు తెరుచుకునేది ఆ కంప్యూటర్లలోనే, ఎందుకంటే ఆ ఫాంటు ఉన్నది అక్కడే. అమ్మేముందు ఒకసారి ఆన్ చేసి ఆ ఫైళ్లు తెరవండి. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. వత్తుల దగ్గర తప్పులొస్తాయి, పక్కన ప్రింటు పెట్టుకుని దిద్దుకోండి. అంత తీరిక లేకపోతే కనీసం పీడీఎఫ్ అయినా చేసి పెట్టుకోండి.